ఎవరూ పెట్టుకోని బ్యాడ్జీ

“గాలి గట్టిగా పీల్చుకోండి. అలాగే బిగబట్టండి. కదలకండి.”

సీసపు అద్దం వెనక నిలబడి రత్నమాల బటన్ నొక్కింది. యంత్రం గొంతు సవరించుకున్నట్టు ఓ చిన్న చప్పుడు చేసి ఊరుకుంది.

“వదిలేయండి. అయిపోయింది.”

పలకకి ఛాతీ ఆనించి నిలబడ్డ అమ్మాయి నమ్మలేనట్టు వెనక్కి తిరిగింది. ఆమె పేరు నీహారిక. గచ్చిబౌలిలో ఏదో కంపెనీలో పని చేస్తుంది. దగ్గు తగ్గడం లేదని డాక్టరు ఛాతీ ఎక్స్-రే ఫోటో తీయించుకు రమ్మంటే, ఆఫీసుకు వెళ్ళే దారిలో హఫీజ్‌పేట్ సందులో ఉన్న ఈ స్కాన్ సెంటర్‌కి వచ్చింది. చీటీలో ఊరూ పేరూ అన్నీ సరిచూసి, కడుపుతో లేదని అడిగి తెలుసుకున్నాకే రత్నమాల ఆమెను యంత్రం ముందు నిలబెట్టింది.

“మేడమ్, ఇందాకట్నుంచి అడుగుదామనుకుంటున్నా. దీనివల్ల ఎంత రేడియేషన్ పడుతుంది? నెట్‌లో చూస్తే రాత్రంతా నిద్ర పట్టలేదు.”

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే రత్నమాలకి ఇష్టం. అడగకుండా లోపల్లోపల భయపడేవాళ్ళ కన్నా వీళ్ళు నయం.

“మీ ఆఫీసు చుట్టుపక్కల పెద్ద పెద్ద బండరాళ్ళు మిగిలున్నాయి కదమ్మా. ఆ రాళ్ళలోంచీ నేలలోంచీ పైన ఆకాశంలోంచీ రోజూ కొంచెం కొంచెం మనందరికీ తగులుతూనే ఉంటుంది. మామూలుగా కొన్ని రోజులు తిని తిరిగితే ఎంత తగులుతుందో, ఈ ఫోటోకీ అంతే. అలాగని సరదాకి తీయించుకోకండి. అక్కర్లేనిది ఒక్కటీ వద్దు, అవసరమైంది మానొద్దు.”

“మీరు రోజంతా ఇక్కడే ఉంటారు కదా.”

“నేనుండేది అద్దం వెనకాలమ్మా. అది దాటి నా దాకా ఏదీ రాదు.”

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం రత్నమాల గొంతు కొంచెం తగ్గింది. ఈ నెల రోజులుగా ఆ వాక్యం దగ్గరే ఆమెకు నాలుక తడబడుతోంది.

నీహారిక అదేమీ గమనించలేదు. సంచీ భుజానికి తగిలించుకుంటూ, “చీర భలే ఉంది మేడమ్,” అనేసి వెళ్ళిపోయింది.

రత్నమాల చెవులు వేడెక్కాయి. కనకాంబరం రంగు మంగళగిరి చీర. అంచు వెంట వెండి జరీ, సన్నగా, ఉందో లేదో అన్నట్టు. కుచ్చిళ్ళు సరిగా ఉన్నాయో లేదోనని ఒకసారి వంగి చూసుకుంది. ఉన్నాయి. అయినా మళ్ళీ సర్దుకుంది.

పెళ్ళయి ఇంకా ఆరు నెలలు కాలేదు. వయసు యాభై ఎనిమిది నిండింది. ఈ రెండు మాటలూ పక్కపక్కన చెబితే వినేవాళ్ళు ముందు తలూపి, తర్వాత ఆగి, మళ్ళీ ఆమె మొహం చూస్తారు. ఆ చూపు రత్నమాలకి సరదా. కావాలనే రెండూ కలిపి చెబుతుంది.

వయసులో ఉన్నప్పుడు తణుకులో పెళ్ళిచూపులు చాలానే జరిగాయి. పిల్ల చామనఛాయ, మంచి జుట్టు, ఒద్దిక. అన్నీ నచ్చేవి. ఉద్యోగం ఏమిటని అడిగేదాకా నచ్చేవి. ఎక్స్-రే తీస్తుందనగానే వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాఫీ గ్లాసులు కింద పెట్టేవారు. ఎక్స్-రే పిల్లకి పిల్లలు పుట్టరట. జుట్టు ఊడిపోతుందట. ఒక పెళ్ళికొడుకు పిన్ని అయితే తలుపు చాటున నిలబడి, “రాత్రిళ్ళు పిల్ల ఒళ్ళు వెలుగుతుందా ఏంటి?” అని అడిగింది. వెలిగితే కరెంటు బిల్లు కలిసొస్తుందని రత్నమాల లోపల్నుంచి జవాబిచ్చింది. ఆ సంబంధం అప్పుడే తేలిపోయింది. ఆ తర్వాత ఆమె హైదరాబాదు వచ్చేసింది. అప్పటికి ఇక్కడ మేడల కన్నా బండలే ఎక్కువ. మేడలు లేచాయి, బండలు కరిగాయి, జుట్టు నెరిసింది కానీ ఊడలేదు. ఉద్యోగం మానితే పెళ్ళవుతుందని చెప్పినవాళ్ళు చెప్పీ చెప్పీ అలిసిపోయారు. ఆమెకీ పెద్దగా లోటనిపించలేదు. చీకటి తెర మీద మనుషుల లోపలి ఎముకలు తెల్లగా, బుద్ధిగా వరసలో కనిపించడం ఆమెకు మొదటి రోజు ఎంత బాగుందో ఇప్పటికీ అంతే బాగుంటుంది.

ఇక ఆమెను చేసుకున్న బుల్లిబాబు. రాజోలు మనిషి, ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్ళు. కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్ళే బస్సుకి డ్రైవరుగా చేరాలంటే ఛాతీ ఫోటో కావాలన్నారని నిరుడు వచ్చాడు. గాలి పీల్చమంది, పీల్చాడు. బిగబట్టమంది, బిగబట్టాడు. బటన్ నొక్కేలోపు కరెంటు పోయింది. జనరేటరు సంగతి చూడమని అటెండరు పెంటయ్యను కేకేసి, తిరిగొచ్చి చూసేసరికి మనిషి మొహం టమాటా పండులా ఉంది. కళ్ళు బయటికొస్తున్నాయి.

“అయ్యో, ఇంకా బిగబట్టే ఉన్నారా?”

ఊపిరి ఒక్కసారిగా వదిలి, గోడ పట్టుకుని ఆయాసపడుతూ ఆయన అన్నాడు, “వదిలేయమని మీరు అనలేదు కదండీ.”

చెప్పిన మాట అంత శ్రద్ధగా వినే మగవాణ్ణి రత్నమాల అంతవరకూ చూడలేదు.

ఇవాళ పొద్దున్న కూడా ఆయన అంతే. ఆమె నల్లపూసల్లో ఒక పూస తక్కువగా కనబడుతోందని ఒక్క మాట అన్నందుకు, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని మంచం కిందికి దూరాడు. ఆవగింజంత పూస. ఎక్కడని దొరుకుతుంది. “పోనీలెండి, తీగ గట్టిగానే ఉంది,” అని ఆమె అంటే, దుమ్ముతో నెత్తి నెరిపించుకుని బయటికొచ్చి, “మీ ఆఖరి రోజు కదండీ, పూర్తిగా ఉంటే బాగుంటుందని,” అన్నాడు.

అవును, ఆఖరి రోజు. యాభై ఎనిమిది దాటితే ఈ సెంటర్‌లో ఇంటికి పంపుతారు. రత్నమాలకి దిగుల్లేదు. రేపు పొద్దున్న బుల్లిబాబు బస్సు ఖాళీగా నానక్‌రామ్‌గూడ వెళ్తుంది. అందులో ముందు సీట్లో కూర్చుని వెళ్ళి, మొదటి స్టాపులో టీ తాగి రావాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. ఏ పనీ లేకుండా ఊరు చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. తలుచుకుంటేనే కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఒక్క విషయం మాత్రం చెప్పులో ఇసుకలా గుచ్చుకుంటోంది.

ఇక్కడ పనిచేసే ప్రతి ఒక్కరూ రొమ్ము మీద ఒక బ్యాడ్జీ పెట్టుకోవాలి. అగ్గిపెట్టె కన్నా పలచగా ఉంటుంది, వెనక క్లిప్పు. లోపలి కార్డును మూడు నెలలకోసారి తీసి పంపితే, ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో ప్రయోగశాలలో చూసి చెబుతారు. వీటితోపాటు ఇంకో బ్యాడ్జీ ఉంటుంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు, దాన్ని ఎవరూ పెట్టుకోరు. యంత్రానికి దూరంగా ముందు గదిలో బల్ల సొరుగులో ఊరికే పడుంటుంది. దాంట్లోనూ కొంచెం పడుతుంది, నేలది, ఆకాశానిది. అందరి లెక్కా దానితో పోల్చి చూస్తారు. ఏమీ చేయకుండా, ఎవరి కంటా పడకుండా ఉంటూనే అందరికీ కొలతయ్యే ఆ బ్యాడ్జీ అంటే రత్నమాలకి ఎందుకో అభిమానం. పండక్కి సొరుగు దులిపినప్పుడు దానికీ ఓ చిటికెడు పసుపు రాసేది.

ఇన్నేళ్ళలో రత్నమాల లెక్క ఎప్పుడూ ఆ పేరులేని బ్యాడ్జీ లెక్క కన్నా అటూ ఇటూ పోలేదు. పోయిన నెల వచ్చింది కబురు: అందరివీ మామూలే, రత్నమాలది మాత్రం హద్దు దాటింది.

ఇంజనీరు వచ్చి యంత్రం చూశాడు. అద్దం చూశాడు, తలుపు చూశాడు, గోడలు చూశాడు. ఎక్కడా ఏ లోపమూ లేదు. రక్తపరీక్ష చేయించారు, అదీ శుభ్రంగా ఉంది. మరి ఎక్కణ్ణుంచి పడింది? ఎవరికీ తెలియలేదు. సెంటర్ నడిపే డాక్టర్ మధుకర్, “మేడమ్, మీరు ఎట్లాగూ పోతున్నరు. కారణం తెల్వలేదని రాసి పంపిస్త. మీరేం ఫికర్ చెయ్యకండి,” అన్నాడు.

ఆమె ఫికర్ తన గురించి కాదు, శ్రావణి గురించి.

శ్రావణి ఈ గదిలోనే పని నేర్చుకుంది. బుజ్జి మొహం, చురుకైన చేతులు. మనుషుల్ని నొప్పి తెలియకుండా ఎలా తిప్పాలో రెండో వారానికే పట్టేసింది. ఇప్పుడు కడుపుతో ఉంది, మూడో నెల. తెలిసిన రోజే వచ్చి చెప్పింది. నియమం ప్రకారం ఆమెను అద్దం వెనక పనికీ ఫోటోలు చూసి పంపే పనికీ మార్చారు. అంతా బాగానే ఉంది. కానీ రత్నమాల లెక్క సంగతి శ్రావణి ఇంట్లో అన్నం తింటూ మాటవరసకి చెప్పింది. కంచం ముందు కూర్చున్న అత్తగారు పార్వతమ్మ చేయి కడిగేసుకుంది. రేపట్నుంచి పనీ లేదు, గినీ లేదు, ఆ యంత్రం మొహం చూడొద్దు అంది. ఇవాళ స్వయంగా వస్తోంది. చాలాకాలంగా మోకాలి నొప్పి. అది చూపించుకున్నట్టూ ఉంటుంది, అదే చేత్తో కోడల్ని ఇంటికి తీసుకెళ్ళినట్టూ ఉంటుంది.

కాబట్టి సాయంత్రం లోపు ఆ రేడియేషన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. తెలియకపోతే, ఈ పని జాగ్రత్తగా చేసుకుంటే ఏ భయమూ లేదని ఇన్నేళ్ళుగా చెప్పిన మాట అబద్ధమో నిజమో తేలకుండానే రత్నమాల గడప దాటాలి. ఆ మాట నమ్మి వచ్చిన పిల్ల తన కన్నా ముందే గడప దాటుతుంది.

“అమ్మా, మీ సారొచ్చిండు. జర జల్ది పో. బస్సెనక ఆటోలోళ్ళు నన్ను తిడుతున్నరు,” అని పెంటయ్య తలుపులోంచి తొంగిచూశాడు.

పొద్దుటి ట్రిప్పు దింపి వెనక్కి వెళ్ళేటప్పుడు బుల్లిబాబు సందు మొదట్లో ఓ నిమిషం బస్సు ఆపుతాడు. కిటికీలోంచి ఓ డబ్బా అందిస్తాడు. ఇవాళ పెసరట్టు, అల్లం పచ్చడి. డబ్బా ఇచ్చి ఆయన బుగ్గలు పూరించి కూర్చున్నాడు. అది వాళ్ళిద్దరికే తెలిసిన ఆట. ఆమె ఏదైనా చెప్పేదాకా కదలడు.

“వదిలేయండి,” అంది రత్నమాల. ఆయన ఊపిరీ బ్రేకూ ఒకేసారి వదిలాడు. వెనక ఆటోవాళ్ళు హారన్లు కొట్టీ కొట్టీ నవ్వేశారు.

ఆమె తిరిగొచ్చేసరికి శ్రావణి కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“తినమ్మా, వేడిగా ఉంది.”

“అత్తమ్మ బయల్దేరిందంట మేడమ్. ఆయన ఫోన్ చేసినాడు.” శ్రావణి పెసరట్టు ముక్క తుంచింది కానీ నోట్లో పెట్టుకోలేదు. “నాకు పని మానేది ఇష్టం లేదు మేడమ్. కానీ ఆమె అడిగే దానికి నా దగ్గర జవాబు లేదు. మీకే పడింది కదా అంటే ఏం చెప్పల్ల?”

రత్నమాల పక్కనే కూర్చుంది. “ముందు తిను. ఆకలి మీద జవాబులు దొరకవు,” అంది.

పార్వతమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. ఎత్తుగా, నిటారుగా ఉంది. మోకాలు మాత్రం ఒక్కో మెట్టు దగ్గరా బతిమాలించుకుంటోంది. ముదురు నీలం ధర్మవరం చీర, ముక్కుకి రెండు వైపులా పుడకలు. గదిలోకి వస్తూనే యంత్రాన్నీ రత్నమాలనీ ఒకే చూపుతో కొలిచింది.

“నువ్వేనా రత్నమాలంటే? మా కోడలు దినామూ నీ పేరే చెప్తాంటాది.”

“రండి వదినగారూ, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?”

“నీళ్ళు తాగేకి రాలేదు. ముందే చెప్తాండా, మళ్ళా చెప్పలేదనొద్దు. రేపట్నుంచి పిల్ల రాదు. నువ్వు మంచిదానివే, కాదన్లేదు. కానీ అద్దం ఎనకాల ఉండే నీకే అంత పడిందంటనే. ఇంగ కడుపులో పసిగుడ్డు ఉండేదాని సంగతేమి? నువ్వే చెప్పు.”

శ్రావణి తల వంచుకుంది. రత్నమాల బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది.

“ముందు మీ మోకాలు చూద్దాం,” అంది.

పార్వతమ్మను బల్ల మీద పడుకోబెట్టి, కాలు చాపించి, మోకాలి కింద పలక సర్దింది. ఎముక మీద చేయి వేస్తేనే తెలిసిపోయింది, కీలు ఎండిన తలుపులా ఉంది. మెత్తగా, తొందర లేకుండా కాలు నిలబెట్టింది. పార్వతమ్మ మూలుగుదామనుకుని, మూలగాల్సిన అవసరం రాక ఊరుకుంది.

“ఇలాగే ఉండండి. కదలొద్దు.”

“నన్ను ఒక్కదాన్నే పెట్టి మీరంతా పోతాండారా?”

“అద్దంలోంచి కనబడుతూనే ఉంటాం వదినగారూ.”

రత్నమాల అద్దం వెనక్కి వచ్చింది. పక్కన శ్రావణి, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, రొమ్ము మీద బ్యాడ్జీతో. బటన్ నొక్కగానే చిన్న చప్పుడు. మొదటి ఫోటో అయిపోయింది. ఇంక పక్కనుంచి ఇంకోటి తీయాలి. కాలు తిప్పడానికి ఇద్దరూ లోపలికి వచ్చేసరికి పార్వతమ్మ మోచేతి మీద లేచి కూర్చుని గది నలుమూలలా చూస్తోంది. ఆమె మొహంలో భయం కన్నా చిరాకే ఎక్కువగా ఉంది.

“బాగుంది మీ కత. బటన్ ఒత్తేటప్పుడు అందరూ అద్దం ఎనక దాక్కుంటారు. నాకు తోడు ఆ కోటొకటే.”

ఆమె గడ్డంతో చూపించిన వైపు ఇద్దరూ చూశారు.

బల్ల పక్కన గోడకి సీసపు ఏప్రన్లు వరసగా వేలాడుతున్నాయి. మడత పెడితే లోపలి సీసం పగులుతుందని వాటిని ఎప్పుడూ వేలాడదీసే ఉంచుతారు. వాటి చివర కొక్కేనికి రత్నమాల తెల్లకోటు. కోటు జేబు మీద, బుద్ధిగా, రత్నమాల బ్యాడ్జీ.

శ్రావణి వెళ్ళి ఆ బ్యాడ్జీ మీది పేరు చదివింది.

“మేడమ్,” అంది శ్రావణి నెమ్మదిగా. “మీ కోటు.”

రత్నమాల తన ఒంటి వైపు చూసుకుంది. కనకాంబరం రంగు చీర. కోటు లేదు. ఇవాళ లేదు, నిన్న లేదు. మొన్న నెమలికంఠం చీర రోజు లేదు. అంతకు ముందు, బుల్లిబాబు గుంటూరు నుంచి తెచ్చిన ఉల్లిపొర రంగు చీర రోజునా లేదు. ఇన్నేళ్ళూ మెడ దాకా బొత్తాలు పెట్టుకుని తిరిగిన మనిషి, పెళ్ళయిన వారానికి డబ్బా తెచ్చుకోవడానికి వీధిలోకి వెళ్తూ కోటు విప్పి ఆ కొక్కేనికి తగిలించింది. కోటుతో వీధిలోకి వెళ్ళకూడదు కదా, అందుకని. తిరిగొచ్చాక వెంటనే వేసుకోలేదు, వేడిగా ఉందని. ఏసీ గదిలో వేడేమిటని ఎవరూ అడగలేదు. మర్నాడూ అంతే. సాయంత్రం పోతూ పోతూ కోటు జేబు మీది బ్యాడ్జీ తీసి, వంగినప్పుడు దాని క్లిప్పు నల్లపూసలకి తగులుకుంటే విడదీసి, సొరుగులో జాగ్రత్తగా పెట్టేది. పొద్దున్న తీసి జాగ్రత్తగా కోటుకి పెట్టేది. బ్యాడ్జీ విషయంలో ఒక్క రోజూ పొరపాటు చేయలేదు. దాన్ని మనిషి మీద ఉంచడం ఒక్కటే మర్చిపోయింది.

ఇన్ని నెలలుగా అద్దం ఇవతల తను, అవతల తన కోటు. వచ్చిన ప్రతి మోకాలికీ ప్రతి నడుముకీ కోటే తోడుంది.

శ్రావణి ముందు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చేయి చాలలేదు. బల్ల అంచు పట్టుకుని వంగిపోయి నవ్వింది. రత్నమాల కాసేపు గంభీరంగా ఉండాలని చూసి, వల్లకాక తనూ మొదలుపెట్టింది.

“ఏంటికి నగుతాండారు? నా మోకాలేమన్నా నగేట్టుందా?”

శ్రావణి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. పడిన రేడియేషనంతా కోటు మీది బ్యాడ్జీకి పడిందనీ, మేడమ్‌కి కాదనీ, మేడమ్ అద్దం వెనకే ఉందనీ, ఇంజనీరు వచ్చి వెతికిందీ ఊరంతా కంగారు పడిందీ ఈ కోటు కోసమేననీ.

పార్వతమ్మ అంతా విని, కోటు వంకా రత్నమాల వంకా మార్చి మార్చి చూసింది.

“కోటు ఏంటికి ఇప్పితివి? ఈ గదిలో నాకు చలికి పండ్లు కొట్టుకుంటాంటే.”

రత్నమాల నేల చూసింది. కాలి బొటనవేలితో లేని గీత ఒకటి గీసింది. “చీర కనబడదని, వదినగారూ.”

పార్వతమ్మ మోచేతి మీద ఇంకాస్త లేచింది. చేయి చాపి రత్నమాల కొంగు పట్టుకుని దగ్గరికి లాగింది. జరీ అంచును రెండు వేళ్ళ మధ్య రుద్దింది. వెలుతురుకి తిప్పింది. వెనక్కి తిప్పి నేత చూసింది.

“కనబడాల్సిన చీరే,” అంది. “మీ ఆయన తెచ్చినాడా?”

“ఆయనే.”

“చీర ఎంచేకి తెలుసు ఆయప్పకి.” కొంగు వదిలింది. “అయితే కోటుకేమీ కాలేదా?”

“బొత్తం కూడా ఊడలేదండి.”

శ్రావణి అప్పటికే ముందు గదిలోకి వెళ్ళొచ్చింది. అరచేతిలో పేరులేని బ్యాడ్జీ. తన కోటు మీది బ్యాడ్జీని తీసి దాని పక్కన పెట్టి అత్తగారి ముందు చాపింది. నవ్వు పోయి మొహం నిమ్మళంగా ఉంది.

“అత్తమ్మా, ఇది నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా మీదే ఉంటుంది. ఇంకోదాన్ని ఎవరూ పెట్టుకోరు. యంత్రానికి దూరంగా సొరుగులో ఉంటుంది. పోయిన నెల రెండిటి లెక్కా ఒకటే వచ్చింది. అద్దం వెనక నేను పనిచేసేదీ, ఆ సొరుగులో ఇది పడుకునేదీ ఒకటే.”

“ఎవురూ పెట్టుకోనిదానికి కూడా పడతాదా?”

“నేలలోంచి, రాళ్ళలోంచి కొంచెం వస్తుంది అత్తమ్మా. అందరికీ వస్తుంది.”

“మా ఊర్లో నేలంతా రాయే,” అంది పార్వతమ్మ. “నలుగురు పిల్లోళ్ళను ఆ రాళ్ళ మీదనే కంటి.” కాసేపు రెండు బ్యాడ్జీలనూ చూసింది. ముట్టుకోలేదు. మోచేయి తీసి మళ్ళీ పడుకుని, కాలు తనే పక్కకి తిప్పుకుంది. “ఇంగో ఫోటో ఉందంటిరే. ఈసారి నా కోడల్నే తియ్యమను. ఎట్ల తీస్తాదో నేనూ చూడల్ల.”

రత్నమాల వెనక్కి జరిగింది. కాలు సర్దడం వరకు తనే చేసి, కొక్కెం మీంచి కోటు తీసి తొడుక్కుంది. మెడ దాకా బొత్తాలు పెట్టుకుంది. కనకాంబరం రంగంతా లోపలికి వెళ్ళిపోయింది. అద్దం వెనక ఈసారి శ్రావణి బటన్ దగ్గర నిలబడింది.

“కదలకండి అత్తమ్మా.”

గొంతు శ్రావణిదే. విరుపు మాత్రం రత్నమాలది. అది విని రత్నమాల నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది.

సంగతి వినగానే డాక్టర్ మధుకర్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. “ఏందమ్మా గిది. నెల రోజుల సంది మేము గోడలు తడిమినం. ఇప్పుడేం రాయాలె? చీర కోసమని రాస్తే, ఏం చీర అని పైవాళ్ళు నన్నే అడుగుతరు.”

“కోటు గదిలో వదిలేసి మర్చిపోయానని రాయండి డాక్టరుగారూ. అది నిజమే కదండీ. కావాలంటే చివర్లో చీర సంగతి కూడా వేయండి, నాకేం సిగ్గులేదు.”

వెళ్ళేటప్పుడు పార్వతమ్మ గుమ్మం దగ్గర ఆగింది. కోడల్ని రెక్క పట్టుకుని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, ఆ రెక్క పట్టుకునే ఒక్కో మెట్టూ దిగాలి.

“అత్తమ్మా, రేపు నేను వస్తాను పనికి,” అంది శ్రావణి.

“రావద్దని ఎవురన్యారు? నువ్వు మానుకుంటే నా మోకాలు ఇంగొకసారి ఎవురు చూస్తారు?” మెట్టు దిగి, మళ్ళీ తల తిప్పింది. “అయితే ఒకటి చెప్తాండా. మొగుడు ఎంత మంచి చీర తెచ్చినా సరే, కోటు ఇప్పితివా, ఆ పొద్దే ఇంటికి.”

సాయంత్రం ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. వద్దని రత్నమాల ముందే చెప్పింది. డాక్టరు మిఠాయి తెప్పించాడు. శ్రావణి అత్తగారిని ఇంట్లో దింపి మళ్ళీ వచ్చి, రత్నమాల పక్కనే తిరిగింది. ఆఖరి మనిషి, ఎవరో ముసలాయన నడుము ఫోటో తీయించుకుని వెళ్ళాక, రత్నమాల ఏప్రన్లన్నిటి మీదా ఒకసారి అరచేత్తో నిమిరింది, ఎక్కడైనా లోపలి సీసం మడత పడిందేమోనని. పడలేదు. యంత్రం కట్టేసింది. బల్ల తుడిచింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ ఇంకోసారి తుడిచింది.

ముందు గదిలోకి వచ్చి కోటు విప్పి, ఉతకడానికి వేసే బుట్టలో వేసింది. విప్పే ముందు బ్యాడ్జీ తీసి పట్టుకుంది. కళ్ళద్దాలు అప్పటికే సంచిలో పెట్టేసింది. వేలితో తడిమి, అలవాటు మీద సొరుగు తెరిచి, పేరులేని బ్యాడ్జీ పక్కన దాన్ని పడుకోబెట్టింది. లోపలి కార్డు ఇంకోసారి వెళ్ళి రావాలి. అప్పటికి తను ఉండదు. ఈ ఒక్క మధ్యాహ్నం లెక్కయినా నిజంగా తనది.

“నువ్వు పెట్టుకోవే తల్లీ, ఎప్పుడూ,” అంది శ్రావణి వైపు చూడకుండానే.

“పెట్టుకుంటా మేడమ్.”

సందు మొదట్లో హారన్ మోగింది. పెంటయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“అమ్మా, సారొచ్చిండు.” తలపాగా సర్దుకున్నాడు. “ఇగ రేపటి సంది బస్సొచ్చిందని నేనెవ్వరికి చెప్పాలె?”

“శ్రావణికి చెప్పు. ఆయన దారిలోనే వెళ్తారు. డబ్బా ఆ పిల్లకి పంపిస్తాను.”

బయట ఆఫీసు బస్సులు, బైకులు, ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. ఆ సందడిలో తన ఖాళీ బస్సు ఆపి బుల్లిబాబు కిటికీలోంచి చూస్తున్నాడు. బుగ్గలు పూరించి ఉన్నాయి. ఎప్పట్నుంచి అలా కూర్చున్నాడో మొహం అప్పుడే ఎర్రబడుతోంది. రత్నమాల కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మెట్టెక్కింది. ముందు సీట్లో కూర్చుంది. కనకాంబరం రంగు చీర మీద ఊరి దీపాలన్నీ ఒక్కసారి పడ్డాయి.

“వదిలేయండి,” అంది.

బస్సు కదిలింది. సెంటర్‌లో పెంటయ్య లైట్లు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చి, సగం తెరిచి ఉన్న సొరుగును మోకాలితో నెట్టాడు. లోపల పేరులేని బ్యాడ్జీ పక్కన రత్నమాల బ్యాడ్జీ. దాని క్లిప్పు సందులో చిక్కుకుని, ఆవగింజంత నల్లపూస.